నీళ్ళు తాగితే వచ్చే దగ్గు: అన్ననాళపు చిల్లుకు రొమ్ము కోయకుండా చేసే చికిత్స

(సోలాపూర్‌లో మిల్లు, మరమగ్గాల కార్మికుల ఆరోగ్య సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య సభ అనగానే మనం పత్తి దుమ్ము గురించి మాట్లాడుకుంటాం. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పాళీకి వెళ్ళగానే రొమ్ము పట్టేయడం, ఊపిరి ఆడకపోవడం మనలో కార్డింగు, బ్లో రూం ఖాతాల్లో పనిచేసిన ప్రతివారికీ తెలిసిన సంగతే. బిస్సినోసిస్ అనే ఆ జబ్బును వృత్తిరోగంగా గుర్తింపజేయడానికి కార్మికవర్గం ఎంత పోరాడిందో మళ్ళీ చెప్పనక్కరలేదు. ఈరోజు మేము చెప్పదలచింది వేరే జబ్బు. అది కూడా దగ్గుతోనే బయటపడుతుంది. "మిల్లు దగ్గు" అన్న పేరు చాటున దాక్కొని నెలల తరబడి మనిషిని తినేస్తుంది. సకాలంలో గుర్తిస్తే దానికి ఇప్పుడు రొమ్ము కోయకుండా, నోటి నుంచి గొట్టం దించి చేసే చికిత్స ఉన్నది. ఆ సంగతి మన వాళ్ళకు తెలియక, తెలిసినా అక్కడిదాకా పంపేవాళ్ళు లేక మనుషులు పోతున్నారు. అందుకే ఈ ప్రసంగం.

మేము డాక్టర్లం కాదు. బడి చదువు చదివి రింగు ఫ్రేముల మీద పనిచేసి వచ్చినవాళ్ళం. చెప్పేదంతా డాక్టర్లను అడిగి, చదివించుకొని, మన మాటల్లో పెట్టుకొన్నది.

మన మెడలోంచి రొమ్ములోకి రెండు గొట్టాలు దిగుతాయి. ముందు ఉన్నది గాలిగొట్టం. దాని వెనక, దానికి ఆనుకొని ఉన్నది అన్ననాళం. అన్ననాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు కంటే కొంచెం ఎక్కువ. ఈ రెండింటి మధ్య ఉన్న గోడ చాలా పలుచన. ఆ గోడకు చిల్లు పడితే తిన్నదీ తాగినదీ కడుపులోకి పోవలసినది గాలిగొట్టంలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి దొడ్డిదారిన పోతుంది. ఈ దొడ్డిదారినే డాక్టర్లు ఫిస్టులా అంటారు. ఆ మాట వినగానే మనవాళ్ళు కొందరు నవ్వుతారు, ఎందుకంటే మనకు తెలిసిన ఫిస్టులా ఆసనం దగ్గర వచ్చే భగందరం. పేరు ఒకటే, చోటు వేరు. ఉండకూడని చోట రెండింటి మధ్య దారి పడితే దాన్ని ఎక్కడున్నా ఫిస్టులా అనే అంటారు.

ఈ చిల్లు ఎలా పడుతుంది? పెద్దవాళ్ళలో ఎక్కువగా క్యాన్సర్ వల్ల. అన్ననాళంలోనో ఊపిరితిత్తిలోనో పుట్టిన గడ్డ గోడను తొలుచుకొని అవతలికి పోతుంది. అన్ననాళపు క్యాన్సర్ ఉన్నవాళ్ళలో నూటికి 5 నుంచి 15 మందికి ఈ గతి పడుతుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఆ క్యాన్సర్‌కు పొగాకు, సారా రెండూ పెద్ద కారణాలు. మన వాడల్లో బీడీ ఎంత ఉన్నదో చెప్పాలా? బీడీ చుట్టే అక్కలు, బీడీ తాగే అన్నలు ఒకే ఇంట్లో ఉంటారు. పొద్దున్నే పళ్ళకు మిశ్రీ రుద్దుకొనే అలవాటు వేరే ఉంది. గుట్కాను మహారాష్ట్రలో 2012లో నిషేధించారు. మిల్లు గేటు ముందు పాన్ డబ్బాలో అది దొరుకుతుందో లేదో మీకే బాగా తెలుసు.

రెండో కారణం క్షయ. రొమ్ములోపలి గ్రంథులు క్షయతో ఉబ్బి, పగిలి, చిల్లు పెడతాయి. మూడోది, ప్రాణాపాయంలో ఉన్నప్పుడు వారాల తరబడి గొంతులో గొట్టం పెట్టి వెంటిలేటర్ మీద ఉంచడం. 2020, 2021 కరోనా కాలంలో అలా ఎక్కువ రోజులు ఉండి బతికి బయటపడిన కొందరికి తర్వాత ఈ చిల్లు బయటపడింది. ఆపరేషన్ చేసి కుట్టిన చోట కుట్టు ఊడి కారడం మరొకటి.

ఇంకొక కారణం ఉంది. అది నేరుగా మన పనిలోదే. రంగుల ఖాతాలో, బ్లీచింగులో, మెర్సరైజింగులో వాడే కాస్టిక్ సోడా. పారదర్శకంగా నీళ్ళలాగే కనిపిస్తుంది. డబ్బా పెద్దది, బరువైనది అని దాన్ని నీళ్ళ సీసాలోకి, కూల్‌డ్రింకు సీసాలోకి వంపుకొని మూల పెట్టుకోవడం మనం ఎన్ని చోట్ల చూడలేదు? ఎండాకాలం రెండో పాళీలో దాహంతో వచ్చినవాడు ఆ సీసా ఎత్తితే ఒక్క గుటక చాలు. ఆమ్లం కంటే క్షారం లోతుగా దిగి కండను కరిగిస్తుంది. బతికితే అన్ననాళం ముడుచుకొని సన్నబడుతుంది, కొందరికి గోడ చిల్లు పడుతుంది. అలాంటప్పుడు దయచేసి వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు, కోడిగుడ్డు, చింతపండు నీళ్ళు పట్టించవద్దు. వాంతి చేయిస్తే కాల్చినదే రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగించి, ఆ సీసాను వెంట పెట్టుకొని తక్షణం పెద్ద దవాఖానాకు పరుగెత్తండి. కాస్టిక్‌ను తాగునీటి సీసాల్లో పోయకూడదనీ, ప్రతి పాత్ర మీద కార్మికుడికి అర్థమయ్యే భాషలో, అంటే తెలుగు, మరాఠీ, కన్నడ, హిందీల్లో, రాసి పుర్రె బొమ్మ వేయాలనీ మేము ప్రతి రంగుల కార్ఖానా యజమానికీ నోటీసు ఇస్తున్నాం. ఖర్చు ఎంతవుతుంది? ఒక రంగు డబ్బా, ఒక కుంచె.

పిల్లల సంగతి రెండు మాటల్లో. కొందరు పిల్లలు ఈ చిల్లుతోనే పుడతారు. పుట్టిన బిడ్డ నోటి నిండా నురగ వస్తున్నా, మొదటి పాలకే ఉక్కిరిబిక్కిరై నీలం తిరుగుతున్నా పాలు ఆపి ఆ రోజే శస్త్రచికిత్స ఉన్న దవాఖానాకు తీసుకుపోవాలి. వాళ్ళకు ఆపరేషనే దారి. అమెరికాలో కామెరాన్ హైట్ అనే సర్జన్ 1941లో మొదటిసారి ఒకే ఆపరేషన్‌లో అలాంటి బిడ్డ అన్ననాళాన్ని సరిచేసి బతికించాడు. ఇక ఆటబొమ్మల్లో, రిమోట్లలో ఉండే బొత్తాం లాంటి బ్యాటరీ పిల్లవాడు మింగి అది అన్ననాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడ కాలడం మొదలవుతుంది. "రేపు పొద్దున దొడ్డికి పోతే పడిపోతుందిలే" అని కూర్చోకండి.

ఇంతకూ చెయ్యి కోసుకుంటే మానుతుంది కదా, ఈ చిల్లు దానంతట అది ఎందుకు మానదు? మేము కూడా అదే అడిగాం. మనం ఏమీ తినకపోయినా రోజుకు లీటరు పైన ఉమ్మి మింగుతాం. అది ఆ చిల్లును ఎప్పుడూ తడుపుతూనే ఉంటుంది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ రొమ్ము లోపలి ఒత్తిడి తగ్గి ఆ తడిని అవతలికి లాగుతుంది. పైగా కడుపుకూ పేగులకూ ఉన్నట్టు అన్ననాళానికి బయటి పొర లేదు. నడుస్తున్న సాంచా మీద తెగిన పోగును ముడివేయాలంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. సాంచాను ఆపవచ్చు, ఊపిరిని ఆపలేం. ఒక్క క్షయ వల్ల పడిన చిల్లు మాత్రం, చిన్నదైతే, క్షయ మందులు పూర్తిగా వాడుతూ ముక్కు ద్వారా గొట్టంతో ఆహారం ఇస్తే చాలామందిలో మానుతుంది. అందుకే ముందు కారణం ఏమిటో తేల్చాలి.

వెనకటి రోజుల్లో దీనికి పక్కటెముకల మధ్య కోసి రొమ్ము తెరవడం ఒక్కటే మార్గం. క్యాన్సర్‌తో చిక్కి, ఊపిరితిత్తుల్లో చీము పట్టిన మనిషి ఆ ఆపరేషన్‌ను తట్టుకోవడం కష్టం. డాక్టర్లు కడుపుకు గొట్టం పెట్టి ఇంటికి పంపేవారు. అప్పుడు మనిషి తన ఉమ్మిలో తానే మునిగిపోయినట్టు పోయేవాడు. వారాల లెక్క.

ఎండోస్కోపు వచ్చాక ఈ కథ మారింది. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాడిని చూసి, నిటారుగా ఉన్న గొట్టాన్ని అతని గొంతులోంచి దించి లోపలికి చూశాడు. వంగని గొట్టం, అందరూ కత్తులు మింగేవాళ్ళు కారు! వంగే గొట్టానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది. 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ వెంట్రుక కంటే సన్నని గాజు పోగులను వేల సంఖ్యలో ఒక కట్టగా కట్టి, వాటి గుండా వెలుగునూ బొమ్మనూ నడిపించి వంగే ఎండోస్కోపు తయారుచేశాడు. మొదట దాన్ని తన గొంతులోనే దించుకొన్నాడు. పోగు విలువ తెలిసిన మనకు ఈ సంగతి వింటే సంతోషం కలుగుతుంది. కట్టలో ఒక చివర ఏ పోగు ఎక్కడుందో రెండో చివర కూడా అక్కడే ఉండాలి, లేకపోతే బొమ్మ చెదిరిపోతుంది. పడుగు సరిచేసిన చేతికి వేరే చెప్పాలా? ఇప్పటి ఎండోస్కోపుల్లో బొమ్మను తెచ్చేది కొనలో ఉన్న చిన్న కెమెరా. గొట్టం లావు మన చిటికెన వేలంత, పొడవు సుమారు ఒక మీటరు.

ఈ గొట్టంతో చిల్లు ఎలా మూస్తారు? అన్నిటికంటే ఎక్కువగా వాడేది స్టెంట్. గుండె రక్తనాళంలో వేసే స్టెంట్ పేరు మీరు విన్నారు. ఇది దాని పెద్దన్న. సన్నని లోహపు తీగతో అల్లిన గొట్టం, దాని మీద సిలికోన్ లాంటి పొర కప్పు. కొన్ని కంపెనీలవి జడలాగా అల్లినవి, కొన్ని ఊలుతో అల్లినట్టు ఉచ్చులు వేసినవి. తీగ నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ అనే మిశ్రమం. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో పుట్టింది కాబట్టి లోహాల పేర్లనూ ఆ ప్రయోగశాల పేరునూ కలిపి అలా పిలిచారు. దాని గుణం ఏమిటంటే, నొక్కి సన్నగా చేసినా శరీరపు వేడి తగలగానే తన పాత ఆకారం గుర్తుకు తెచ్చుకొని విచ్చుకుంటుంది. సన్నని తొడుగులో మడిచి, ముందుగా దించిన తీగ వెంబడి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ చిల్లు ఉన్న చోటికి చేర్చి తొడుగు లాగేస్తారు. అది సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పుకు విచ్చుకొని గోడకు అంటుకుంటుంది. పొర చిల్లును కప్పేస్తుంది. నీళ్ళు స్టెంట్ లోపలినుంచి కడుపులోకి పోతాయి. కోత లేదు, కుట్టు లేదు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ద్రవాలు తాగుతారు.

క్యాన్సర్ లేని చిల్లుకు వేసిన స్టెంట్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తీసేయాలి. మరచిపోతే కండ దాన్లోకి పెరిగి, తీయడమే ఇంకొక జబ్బవుతుంది. అందుకని స్టెంట్ వేయించుకొన్నవాళ్ళు తీయించుకోవలసిన తేదీ కాగితం మీద రాయించుకొని, ఆ కాగితం నకలు మన ఆఫీసులో కూడా ఇవ్వండి. మేము గుర్తు చేస్తాం.

స్టెంట్ ఒక్కటే కాదు. కొత్తగా పడిన చిన్న చిల్లు అయితే ఎండోస్కోపు కొనకు తొడిగిన ఎలుగుబంటి పంజా లాంటి క్లిప్పుతో రెండు అంచులనూ లోపలికి లాగి బిగిస్తారు. పాతబడి అంచులు గట్టిపడితే ఆ క్లిప్పు సరిగా పట్టదు. ఆలస్యానికి మనం కట్టే మూల్యం ఇక్కడ కనిపిస్తుంది. లోపలినుంచే సూదితో కుట్టే పరికరం ఉంది. జిగురు మందు పోసి మూయడమూ ఉంది. ఆపరేషన్ తర్వాత కుట్టు ఊడి, పక్కన చీము గుంట ఏర్పడితే వేరే ఉపాయం చేస్తారు. స్పాంజి ముక్కను గొట్టానికి కట్టి గుంటలో పెట్టి, ముక్కులోంచి బయటికి తీసిన ఆ గొట్టాన్ని పీల్చే యంత్రానికి కలుపుతారు. చీమును అది లాగేస్తూ ఉంటే గుంట అడుగునుంచి పూడుతుంది. మూడు నుంచి అయిదు రోజులకోసారి స్పాంజి మార్చాలి. ఓపిక కావలసిన పని. ఏ చిల్లుకు ఏది అన్నది డాక్టరే నిర్ణయించాలి.

మీకు లేనిపోని ఆశ పెట్టడం మా ఉద్దేశం కాదు. క్యాన్సర్ వల్ల పడిన చిల్లును స్టెంట్ కప్పుతుంది, క్యాన్సర్‌ను నయం చేయదు. స్టెంట్ జారవచ్చు, రొమ్ములో నొప్పి పెట్టవచ్చు, చివర్లలో మళ్ళీ చిల్లు పడవచ్చు. చిల్లు గొంతుకు మరీ దగ్గరలో ఉంటే స్టెంట్ వేయడం కష్టం. గడ్డ గాలిగొట్టాన్ని కూడా నొక్కుతూ ఉంటే ముందు గాలిగొట్టంలో స్టెంట్ వేయాలి. అది చూడకుండా అన్ననాళంలో వేస్తే ఊపిరే ఆగవచ్చు. అందువల్ల ఇది చేయి తిరిగిన చోట, గాలిగొట్టం చూసే డాక్టరు కూడా పక్కన ఉన్న చోట చేయించుకోవాలి. ముంబైలో 1941లో మొదలైన టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. మనకు సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో, మన భాష మాట్లాడే హైదరాబాదులో ఎండోస్కోపీకి దేశంలోనే పేరున్న ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఉన్నది. దాని అధిపతి డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. పుణెలో, ముంబైలో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రి పేరు విని అప్పు చేసి పరుగెత్తక ముందు ఏది ఏ పథకంలో ఉన్నదో కనుక్కోండి.

మన రింగు ఖాతాలో పనిచేసిన ఒక సోదరుడి సంగతి చెబుతాం, పేరు అక్కరలేదు. ఏడెనిమిది నెలలు దగ్గాడు. చూపించిన దవాఖానాలో దగ్గు మందు సీసాలు ఇచ్చారు. క్షయ పరీక్ష చేశారు, లేదన్నారు. "ముప్పై ఏళ్ళు మిల్లులో చేసినవ్, దగ్గు రాకపోతే ఏమొస్తది" అన్నారట. మనిషి సగమయ్యాడు. చివరికి కనిపెట్టింది డాక్టరు కాదు, ఆయన భార్య. బీడీలు చుట్టే ఆమె. "ఈయన జొన్నరొట్టె మజ్జిగల నానబెట్టి మెల్లగ తింటే అంత దగ్గడు సారూ, నీళ్ళు తాగిండంటే మాత్రం ఆగని దగ్గు. నిన్న కళ్ళెల మెతుకులు పడ్డయ్" అని ఆమె కొత్తగా వచ్చిన ఒక చిన్న డాక్టరమ్మకు చెప్పింది. ఆ అమ్మాయి వెంటనే కాగితం రాసింది. బేరియం తాగించి ఫొటో తీస్తే మందు గాలిగొట్టంలోకి దిగడం తెర మీద అందరికీ కనిపించింది. అన్ననాళంలో గడ్డ. రిఫరల్ చీటీకి మూడు వారాలు. బిల్లులు బాకీ ఉన్నాయని మొదటి ఆసుపత్రి చేర్చుకోలేదు. రెండో చోట స్టెంట్ వేశారు. మూడో రోజు టీ తాగాడు, దగ్గలేదు. ఆ తర్వాత ఆరు నెలలు బతికాడు. ఆ ఆరు నెలల్లో ఇంట్లో అందరితో కూర్చొని తిన్నాడు, పి.ఎఫ్. కాగితాల్లో తప్పు పడిన భార్య పేరు సరిచేయించాడు, పెన్షన్ ఫారం మీద తన చేత్తో సంతకం చేశాడు. ఆమెకు ఇప్పుడు పెన్షన్ వస్తున్నది. ఆరు నెలలు ఏపాటి అని ఎవరైనా అంటే ఆమెను అడగమనండి.

కాబట్టి ఇంట్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి. నీళ్ళు, చాయ్ మింగగానే దగ్గు రావడం. కళ్ళెలో తిన్న మెతుకులు, తాగిన చాయ్ రంగు కనిపించడం. న్యుమోనియా తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ రావడం. మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం. పత్తి దుమ్ము దగ్గు పనితో పెరిగి సెలవుతో తగ్గుతుంది, గుటకతో రాదు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "దగ్గు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. "మింగినప్పుడు దగ్గు" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు చూసే దిక్కు మారుతుంది. మింగించి తీసే ఎక్స్‌రే, సీటీ, ఎండోస్కోపీ, గాలిగొట్టం చూసే బ్రాంకోస్కోపీ, వీటిలో ఏది కావాలో వాళ్ళు రాస్తారు. అప్పటిదాకా బలవంతంగా నీళ్ళు, గంజి తాగించకండి, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి.

స్టెంట్ పడ్డాక కూడా పద్ధతులు ఉన్నాయి. మెత్తగా, కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినాలి. గట్టి రొట్టె ముక్క, మాంసం ముక్క అడ్డుపడతాయి. తిన్న తర్వాత నీళ్ళు తాగి గొట్టం కడిగినట్టు చేయాలి. తిన్న వెంటనే పడుకోకూడదు.

ఇక డబ్బు మాట. ఈ.ఎస్.ఐ. మన జీతంలోంచి కోసిన చందాతో నడుస్తున్నది, ఎవరి దానమూ కాదు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా మూడు రూపాయల పావలా చేశారు. దవాఖానాలో లేని చికిత్సకు ఒప్పందం ఉన్న పెద్ద ఆసుపత్రికి రాసి పంపాలి. క్యాన్సర్, క్షయ రెండూ దీర్ఘరోగాల జాబితాలో ఉన్నాయి. వాటికి మామూలు 91 రోజుల జబ్బు భత్యం అయిపోయిన తర్వాత సగటు వేతనంలో నూటికి 80 వంతున, మొత్తం రెండేళ్ళ దాకా భత్యం పొందే ఏర్పాటు ఉంది. కాకపోతే రెండేళ్ళు బీమాలో పనిచేసి ఉండాలి, చందా పడిన రోజులు 156 ఉండాలి. ఇక్కడే మన బదిలీ కార్మికులకూ కంట్రాక్టు కార్మికులకూ దెబ్బ పడుతున్నది. నెలకు ఇరవై ఆరు రోజులు పనిచేయించుకొని రిజిస్టరులో పన్నెండు రోజులు చూపించే కంట్రాక్టర్లు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ దొంగలెక్క మనకు కనిపించదు. మంచం పట్టిన రోజున చందా రోజులు తక్కువ తేలుతాయి. ప్రతి నెలా మీ పేరు మీద ఎన్ని రోజులు పడ్డాయో చూసుకోండి. చూడడం రాకపోతే చదువుకొన్న మీ పిల్లల చేత ఫోనులో చూపించుకోండి. తేడా ఉంటే అదే నెలలో మాకు చెప్పండి, రెండేళ్ళ తర్వాత కాదు.

మరమగ్గాల మీద చేసే ఎక్కువ మందికి ఈ.ఎస్.ఐ. లేదు, ఆసాములు పెట్టనివ్వరు. ఆ పోరాటం వేరే నడుస్తున్నది. అంతవరకు 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకంలో అర్హత ఉన్న కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు ఉంటుంది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిబా ఫూలే పథకం ఉంది. ఆసుపత్రిలో పడ్డాక కార్డు కోసం తిరగడం కంటే ఈ నెలలోనే తీసిపెట్టుకోండి.

ఈ.ఎస్.ఐ. అధికారులను మేము అడుగుతున్నవి మూడే. మింగితే దగ్గు వస్తుందని చెప్పిన కార్మికుడిని దగ్గు మందుతో తిప్పి పంపకుండా ఎండోస్కోపీకి రాయాలి. రిఫరల్ చీటీ వారాలు కాకుండా రోజుల్లో ఇవ్వాలి. బిల్లుల బాకీ పేరుతో రోగిని గేటు దగ్గర ఆపకుండా ముందే చూసుకోవాలి. ఈ అర్జీ మీద సంతకాలు తీసుకోవడం ఈ సభలోనే మొదలుపెడుతున్నాం. వెనక బల్ల దగ్గర కాగితాలు ఉన్నాయి. వేలిముద్ర వేసేవారికి సిరా డబ్బా కూడా పెట్టించాం. మూడో పాళీకి వెళ్ళవలసినవారు ముందు వచ్చి చేసి వెళ్ళండి.